ఇంట్లో చేసిన ఆటబల్ల మీద గీతలు: సిరానా, ఎనామిలా, రేడియం స్టిక్కరా?

వేసవి సెలవులకో సంక్రాంతికో ఇంటికొచ్చే పిల్లల కోసం వడ్రంగి చేత క్యారమ్ బల్ల చేయించేవాళ్లు మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంకా ఉన్నారు. షాపులో దొరికే చిన్న సైజు పలచటి బోర్డు కన్నా మంచి ప్లైవుడ్‌తో చేయించుకున్నది పదేళ్లు ఎక్కువే మన్నుతుంది. చిక్కల్లా బల్ల తయారయ్యాకే. చెక్కపని బాగానే కుదురుతుంది, గీతల దగ్గర పని ఆగిపోతుంది. ఎవరిని అడిగితే వాళ్ల పనిముట్టే గొప్పదంటారు. రేడియం షాపు కుర్రాడు "ఏటి మాస్టారూ, దీనికి బ్రష్షెందుకు? కటింగ్ కొట్టించేస్తే పావుగంట పనండి" అంటాడు. బోర్డులు రాసే పెయింటరేమో "స్టిక్కరు ఎన్నాళ్లుంటాది బాబూ?" అని ఎనామిల్ డబ్బా మూత తీస్తాడు. ఇంట్లో పిల్లలకి పర్మనెంట్ మార్కర్ కన్నా సులువైనది తట్టదు.

ముగ్గురిదీ తప్పు కాదు. అయితే ముగ్గురూ ఒకే ఆట గురించి మాట్లాడటం లేదు. నేనైతే ఎవరడిగినా ముందు ఒకటే తేల్చుకోమంటాను: ఆ బల్ల మీద కాయ జారుతుందా, బంతి ఎగురుతుందా, లేక పావు ఊరికే కూర్చుంటుందా? క్యారమ్‌లో జారుతుంది. టేబుల్ టెన్నిస్‌లో ఎగురుతుంది. అష్టాచెమ్మా, పులిజూదం, వైకుంఠపాళిలో కూర్చుంటుంది. గీతకి ఏ రంగు, ఎంత మందం, పైన ఏ పూత అన్నవన్నీ దీన్నిబట్టే తేలతాయి. రంగు డబ్బా కొనడం ఆ తర్వాతి సంగతి.

కాయ జారే బల్ల

క్యారమ్‌దే అసలు కష్టం కాబట్టి ఎక్కువసేపు దీని దగ్గరే ఆగుదాం.

క్యారమ్ కాయ బరువు 5 నుంచి 5.5 గ్రాములు. అంత తేలిక కాయ బల్ల ఈ మూల నుంచి ఆ మూలకి పౌడర్ మీద జారిపోవాలి. దారిలో గీత ఏ కాస్త ఎత్తుగా ఉన్నా కాయ వేగం తగ్గుతుంది, లేదా కొంచెం పక్కకి తిరుగుతుంది. మార్కర్‌తోనో సిరాతోనో గీసిన గీతకి ఎత్తు లేనట్టే. బ్రష్‌తో వేసిన ఎనామిల్ గీతని వేలితో తడిమితే తెలుస్తుంది, ముఖ్యంగా మాస్కింగ్ టేప్ అంచు పొడవునా సన్నటి గట్టు కడుతుంది. రేడియం స్టిక్కర్ మందం జిగురుతో కలిపి మిల్లీమీటరులో పదో వంతు దాకా ఉంటుంది. వినడానికి చాలా తక్కువే. కానీ మెల్లగా, కాయ అంచుకి తగిలేలా కొట్టిన కట్ షాట్‌లో కాయ ఆ అంచు దగ్గరే ఆగిపోతుంది. అలా ఆగినప్పుడు ఆడేవాడు స్టిక్కర్‌ని కాదు, బల్ల చేసినవాణ్ణి తిడతాడు.

అందుకే స్టిక్కర్‌ని గీతగా వాడటం క్యారమ్‌కి నాకు నచ్చదు. ఎత్తొక్కటే కాదు, పౌడర్ సంగతి కూడా ఉంది. బోరిక్ పౌడర్ మెల్లగా స్టిక్కర్ అంచు కిందికి చేరుతుంది, రోజూ స్ట్రైకర్ దాని మీద పోతూ ఉంటుంది. ఏడాది తిరిగేసరికి గుండ్రాల అంచులు లేస్తాయి. మీద వార్నిష్ కొడితే అణిగిపోతుందని కొందరంటారు. స్టిక్కర్ ఎత్తు కప్పాలంటే పూత మీద పూత చాలాసార్లు వేయాలి, ఆ పూత ఆరుతూ కుంచించుకుపోయేసరికి అంచు మళ్లీ బయటపడుతుంది.

అయితే రేడియం షాపుని పూర్తిగా వదిలేయక్కర్లేదు. అక్కడి యంత్రం గీతల్ని మన చేతి కన్నా వందరెట్లు నికరంగా కోస్తుంది. గీతలుగా అతికించే ముక్కలు తెచ్చుకోకుండా, గీతల చోట ఖాళీ ఉండేలా చుట్టూ మిగిలే షీట్‌ని తెచ్చుకోవాలి. దాన్ని బల్ల మీద అతికించి, ఖాళీల్లో రంగు వేసి, షీట్ పీకేస్తే సరిపోతుంది. యంత్రం చేసిన కొలత దక్కుతుంది, స్టిక్కర్ ఎత్తు మాత్రం రాదు. శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ వైపైనా, విజయనగరం గంటస్తంభం వైపైనా బళ్ల మీద పేర్లు కొట్టే షాపులో "గీతలు కాదు, గీతల చుట్టూ ఉన్న భాగం కావాలి, స్టెన్సిల్‌లా" అని చెబితే అర్థం చేసుకుంటారు. షాపులో షీట్ వెడల్పు చాలకపోతే నాలుగు ముక్కలుగా కోయమనండి, క్యారమ్ బల్ల నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది కదా.

ఇక చేత్తో వేసే రకాల సంగతి. పర్మనెంట్ మార్కర్‌లో ఉండేది స్పిరిట్‌లో కరిగే రంగు. దాని మీద లాకరు, పాలిష్, పీయూ (పాలీయురిథేన్ పూత) ఏది పూసినా, అందులోని థిన్నర్ తగలగానే ఆ రంగు కదిలి గీత పక్కలకి నీలంగానో ఊదాగానో పాకుతుంది. కొన్ని మార్కర్లు అప్పుడే బాగున్నట్టు కనిపించి నెలరోజులకి గీత చుట్టూ నీడ తేలుస్తాయి. ఎండ తగిలే వరండాలో ఉంచితే నలుపు గోధుమరంగుకి తిరుగుతుంది. మరి మార్కర్ ఎందుకైనా పనికొస్తుందా అంటే, ఒకదానికి పనికొస్తుంది. పాత బల్లకి స్పిరిట్ పాలిష్ కాని మెరుగు చెడకుండా ఉంటే, దాని మీద గీతలు ఎలా కనబడతాయో ముందు చూసుకోవడానికి మార్కర్‌తో గీసి, నచ్చకపోతే స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచేయవచ్చు. బాల్ పెన్ను ఇంకా దారుణం, దాన్ని పెన్సిల్ పనికి కూడా రానివ్వకండి.

ఇండియన్ ఇంక్ అనే నల్ల సిరా సంగతి వేరు. అందులో నలుపు మసి నుంచి వస్తుంది. మసి ఎండకి వెలవదు, థిన్నర్‌కి కరిగి పాకదు. ఆరాక నీళ్లు పడినా చెదరదు. ఇంజినీరింగ్ డ్రాయింగ్ చదివిన పెద్దవాళ్లు ఎవరింట్లోనైనా పాత ఇన్‌స్ట్రుమెంట్ బాక్సు ఉంటే, అందులో మర తిప్పితే మూతి దగ్గరయ్యే రూలింగ్ పెన్నూ, కంపాస్‌కి తగిలించే సిరా ముక్కా దొరుకుతాయి. క్యారమ్ బల్లకి వాటిని మించిన పనిముట్టు లేదు. మూల జేబుల వైపు చూపే బాణం గీత 1.5 మిల్లీమీటర్ల కన్నా లావు ఉండకూడదు, అంత సన్నగా టేప్ వేసి బ్రష్‌తో తీయడం మామూలు చేతుల వల్ల కాదు. రూలింగ్ పెన్ను ఒక్క లాగుడులో తీసేస్తుంది.

సిరాకి ఉన్న తెగులు పచ్చి చెక్క మీద పీచు వెంట పాకడం. అందుకని ముందు చెక్కకి సాండింగ్ సీలర్ (చెక్క రంధ్రాలు మూసే పూత) రెండు చేతులు, అంటే రెండు పొరలు పూసి, ఆరాక 320 నంబరు గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. ఇప్పుడు ఇంకో తలనొప్పి వస్తుంది, మరీ నున్నటి సీలర్ మీద సిరా నిలవక చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. 400 నంబరుతో ఒక్కసారి మెరుపు చంపి, సుద్దపొడి పలచగా రుద్ది పొడిగుడ్డతో తుడిచేస్తే సిరా చక్కగా పట్టుకుంటుంది. పాతకాలం డ్రాఫ్ట్స్‌మన్లు కాగితం మీద చేసిన పనే ఇది.

ఎర్ర గుండ్రాలకి మాత్రం ఎర్ర సిరా వద్దు. నల్ల సిరాలో మసి ఉన్నట్టు ఎర్ర సిరాల్లో చాలావాటిలో అలాంటి గట్టి రంగుపొడి ఉండదు. పైపూత తగిలితే పాకుతుంది, వెలుగుకి వెలుస్తుంది. ఎరుపుకి యాక్రిలిక్ రంగు మంచిది. నీళ్లతో పలచన చేసేదే అయినా ఆరాక నీళ్లకి కరగదు, పైన పలచగా చల్లే లాకరుకి పెద్దగా కదలదు. పలచగా రెండు చేతులు వేస్తే ఎత్తు కూడా రాదు. డ్రాయింగ్ సామాన్ల షాపుల్లో యాక్రిలిక్ పెయింట్ మార్కర్లు కూడా వస్తున్నాయి. రూలింగ్ పెన్ను చేతికి అలవాటు లేనివాళ్లు నలుపు కూడా దాంతోనే కానివ్వవచ్చు. మార్కర్ అన్న పేరు చూసి స్పిరిట్ రకం కొనేయకండి, డబ్బా మీద నీటి ఆధారితం అని ఉందో లేదో చూసుకోవాలి.

ఎనామిల్‌కి వస్తే, క్యారమ్ మీద వాడకూడదని ఏమీ లేదు. చాలామంది పెయింటర్లు అదే వేస్తారు, వేసినవి ఆడుతూనే ఉన్నారు. కానీ అలా వేశాక అంచు గట్టుని 600 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితంతో) అణగ్గొట్టాలి, ఎనామిల్ లోపలి దాకా గట్టిపడటానికి వారం ఆగాలి, పైన వేసే పూత విషయంలో ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. ఇంత చేశాక వచ్చేది సిరా కన్నా మేలైన గీత కాదు.

మన దగ్గర ఇంకో సలహా కూడా వినబడుతుంది, నల్లజీడి గింజ రసంతో గీయమని. ఒకప్పుడు చాకలివాళ్లు బట్టలకి చెరగని గుర్తులు పెట్టేది దాంతోనే, నిజంగానే చెరగదు. కానీ ఆ రసం తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. పిల్లలు ఆడే బల్ల దరిదాపులకి రానివ్వవద్దు.

కొలతలు ఎక్కడి నుంచి తీయాలి

1988లో చెన్నైలో ఏర్పడిన అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య కొలతలే అందరూ పాటిస్తారు. ఆడే భాగం 73.5 నుంచి 74 సెంటీమీటర్ల చదరం. స్ట్రైకర్ పెట్టి కొట్టే బేస్ లైన్ రెండు గీతలు, బయటి గీత ఫ్రేము నుంచి 10.15 సెంటీమీటర్ల దూరంలో, 5 నుంచి 6.5 మిల్లీమీటర్ల లావుగా ఉంటుంది. లోపలి గీత సన్నం. రెండింటి బయటి అంచుల మధ్య 3.18 సెంటీమీటర్లు. గుండ్రాలతో కలిపి పొడవు 47 సెంటీమీటర్లు. చివరి గుండ్రాల వ్యాసం కూడా 3.18 సెంటీమీటర్లు, అందులో ఎర్రటి భాగం 2.54. మధ్యలో రెడ్ కాయ పెట్టే గుండ్రం 3.18, దాని చుట్టూ పెద్ద వృత్తం వ్యాసం 17 సెంటీమీటర్లు. బాణాలు జేబు అంచుకి 5 సెంటీమీటర్ల అవతల మొదలై, పొడవు 26.7 సెంటీమీటర్లు దాటకూడదు.

ఫ్రేము నుంచి కొలవమని పుస్తకంలో ఉన్నా, ఇంట్లో చేసిన బల్లకి నా సలహా మధ్య నుంచి కొలవమని. వడ్రంగి ఎంత మంచివాడైనా ఫ్రేము ఒక మూల రెండు మిల్లీమీటర్లు తేడా వస్తుంది, దాన్నే పట్టుకు కొలిస్తే గీతలన్నీ ఆ వంకర నేర్చుకుంటాయి. ముందు కర్ణాలు రెండూ పెన్సిల్‌తో తేలిగ్గా గీయండి, కలిసిన చోటే కేంద్రం. లోపలి చదరం 73.5 అనుకుంటే, కేంద్రం నుంచి 26.6 సెంటీమీటర్ల దూరంలో బయటి గీత బయటి అంచు, 23.42 దగ్గర లోపలి గీత అంచు వస్తాయి. గుండ్రాల కేంద్రాలు ఆ రెండింటి నడుమ 25.01 దగ్గర, మధ్యగీతకి అటూ ఇటూ 21.91 దూరంలో ఉంటాయి. ఇలా పెడితే మూలలో పక్కపక్క గుండ్రాల మధ్య 1.2 సెంటీమీటర్ల సందు మిగులుతుంది, బాణం ఆ సందులోంచి దేనికీ తగలకుండా వెళ్లిపోతుంది. సందు అన్ని మూలల్లో సమానంగా రాలేదంటే లెక్క ఎక్కడో తప్పినట్టే.

చిన్న గుండ్రాలకి కంపాస్ ముల్లు గుచ్చితే పూత కింద గుంట కనబడుతుంది. ముల్లు గుచ్చే చోట మాస్కింగ్ టేప్ నాలుగు పొరలు వేసి దాని మీద గుచ్చండి. పెద్ద వృత్తానికి సన్నటి చెక్కపట్టీకి ఒక కొస మేకు, 8.5 సెంటీమీటర్ల దూరంలో పెన్సిల్ పట్టే బెజ్జం చాలు. కార్బన్ పేపర్ పెట్టి అచ్చు దించడం మాత్రం వద్దు, దాని మైనం అంటిన చోట సిరా పట్టదు.

వీలైతే ఈ పనంతా ఫ్రేము బిగించక ముందే అయిపోవాలి. ఫ్రేము వచ్చాక మూలల్లో పేపర్ కొట్టడం, పూత సమంగా లాగడం రెండూ కుదరవు.

పైపూత: గీత చెడేది ఇక్కడే

గీత వేసేటప్పుడు కాదు, దాని మీద మెరుగు పూసేటప్పుడే చాలా బల్లలు పాడవుతాయి. కింద ఏం ఉందో చూసి పైన ఏది వేయాలో తేల్చుకోవాలి.

ఎనామిల్ గీత మీద ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకరు పూస్తే, అందులోని ఘాటు థిన్నర్ ఎనామిల్‌ని లేపి ముడతలు తెప్పిస్తుంది. పీయూ కూడా పచ్చి ఎనామిల్ మీద అదే పని చేయగలదు. ఎనామిల్ గీతకి టర్పెంటాయిల్‌తో కలిపే మామూలు వార్నిషే జోడీ. ఇండియన్ ఇంక్ మీద లాకరు బాగానే కూర్చుంటుంది కానీ బ్రష్‌తో మొదటి చేయి వేస్తే సిరా నలుపు బ్రష్ వెంట ఈడ్చుకొస్తుంది. మొదటి రెండు పొరలు స్ప్రేతో, తడిసీ తడవనట్టుగా పలచగా చల్లాలి. ఆటో రంగుల షాపుల్లో దొరికే క్లియర్ లాకరు స్ప్రే డబ్బా ఒకటి ఈ పనికి చాలు. ఆ పొర ఆరితే గీతలకి తాళం పడినట్టే, తర్వాత బ్రష్‌తో అయినా ఫర్వాలేదు. స్పిరిట్ పాలిష్ మాత్రం సిరాకి శత్రువు. ఇండియన్ ఇంక్‌ని పట్టి ఉంచేది లక్క, పాలిష్‌లో స్పిరిట్ ఆ లక్కనే కరిగిస్తుంది, గుడ్డ పెట్టి రుద్దితే మీ బేస్ లైన్ మసిగా మారి బల్లంతా అంటుకుంటుంది.

ఎన్‌సీ లాకరా, పీయూనా అంటే, డబ్బు చూసుకోకపోతే పీయూ. రోజూ స్ట్రైకర్ దెబ్బలు తినే బల్లకి ఆ గట్టిదనం కావాలి. కానీ అది రెండు డబ్బాలు కలిపి వాడేది, కలిపిన కొన్ని గంటల్లో అయిపోవాలి, దాని ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదు. మూసిన గదిలో, ముక్కుకి గుడ్డ కట్టుకుని వేసే పని కాదు, తగిన మాస్క్ ఉన్నవాళ్ల చేత వేయించుకోండి. ఇంట్లో మనమే వేసుకోవాలంటే ఎన్‌సీ లాకరు తేలిక. పది పదిహేను నిమిషాల్లో చేతికి అంటకుండా ఆరుతుంది, గీత పడితే మళ్లీ ఒక పొర వేస్తే కలిసిపోతుంది.

ఇక్కడే మన వాతావరణం అడ్డొస్తుంది. శ్రీకాకుళం తీరం గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. వానాకాలంలోనూ, అక్టోబరు నవంబరు తుపాను రోజుల్లోనూ లాకరు వేస్తే, థిన్నర్ ఆవిరవుతూ పూతని చల్లబరిచి, గాలిలోని తేమని దాని మీదికి లాగుతుంది. పూత తెల్లబారిపోతుంది, నల్లగీతల మీద పాలు ఒలికినట్టు కనబడుతుంది. సంక్రాంతికి బల్ల కావాలంటే గీతలు నవంబరులో గీసుకున్నా సరే, పూత మాత్రం డిసెంబరులో ఆకాశం తేటగా ఉన్న రోజు ఎండ ఎక్కాక వేయండి. అందుకు పూర్తిగా వ్యతిరేకం మే నెల. మిట్టమధ్యాహ్నం ఎండలో పూత పైన ఆరి లోపల ఆరక బుడగలు వస్తాయి, పొద్దున్నే నీడలో కానిచ్చేయాలి.

బంతి ఎగిరే బల్ల

టేబుల్ టెన్నిస్ బల్ల ఇంట్లో చేయించేవాళ్లు తక్కువే, స్కూళ్లలోనో కాలనీ కమ్యూనిటీ హాల్లోనో చేయిస్తారు. బల్ల పొడవు 2.74 మీటర్లు, వెడల్పు 1.525. ఒక్కో సగం 1.37 మీటర్లు, మనకి దొరికే ప్లై షీట్ వెడల్పు 1.22 కాబట్టి ఎక్కడో ఒక అతుకు తప్పదు. ఆ అతుకు మీద లప్పం పెట్టి నున్నగా చేశాకే రంగు మాట.

ఇక్కడ గీతలు సులువు. చుట్టూ అంచు వెంట 2 సెంటీమీటర్ల తెల్ల పట్టీ, పొడవునా మధ్యలో 3 మిల్లీమీటర్ల తెల్లగీత, అంతే. అంచుల పట్టీకి టేపూ బ్రష్షూ ఖాయం. గీతకి ఎత్తున్నా కాయ జారే బాధ లేదు. ముఖ్యమైనది మెరుపు లేకపోవడం. నిగనిగలాడే ఎనామిల్ వేస్తే ట్యూబ్‌లైటు దాని మీద పడి బంతి కనబడదు, పైగా బంతి తగిలిన చోట జారుతుంది. నేల రంగూ (గీతల కింద బల్లంతా వేసే రంగు) గీతలూ రెండూ మెరుపు లేని మ్యాట్ రకమే తీసుకోండి. స్టిక్కర్ పట్టీ అంచున అతికిస్తే బ్యాట్ తగిలి కొసలు లేస్తాయి, దాని జోలికి పోవద్దు. మధ్యగీత డబుల్స్‌కి మాత్రమే కాబట్టి తెల్ల యాక్రిలిక్ పెయింట్ మార్కర్ స్కేలు పెట్టి లాగేస్తే సరిపోతుంది.

టేప్ కింద నుంచి రంగు పాకకుండా ఉండటానికి పెయింటర్లు వాడే కిటుకు ఒకటుంది. టేప్ అతికించి అంచుని గోరుతో గట్టిగా నొక్కాక, ముందు నేల రంగునే టేప్ అంచు మీద ఒకసారి పలచగా లాగుతారు. పాకేది ఏదైనా ఉంటే ఆ రంగే పాకి సందులు మూసేస్తుంది, ఆ తర్వాత వేసే తెలుపు అంచు బ్లేడుతో కోసినట్టు వస్తుంది. రంగు పూర్తిగా ఆరక ముందే టేప్‌ని వెనక్కి మడిచి మెల్లగా లాగాలి. మర్నాడు తీస్తే అంచులు చిరుగుతాయి. చౌక టేప్ రోజంతా ఎండలో ఉంచితే జిగురు బల్లకే మిగిలిపోతుంది.

పావు కూర్చునే బల్ల

ఇక్కడ మీకు నచ్చినట్టు చేసుకోవచ్చు. అష్టాచెమ్మాకి 25 గళ్లు, నాలుగు వైపులా ఇంటి గళ్లకీ మధ్య గడికీ అడ్డగీతలు. పులిజూదానికి మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసే 23 చోట్లు. గవ్వలు పడతాయి, పావులు ఎత్తి పెడతారు, ఏదీ జారదు. గీత ఎత్తుగా ఉన్నా, గాడిగా ఉన్నా ఆటకి నష్టం లేదు. గుళ్ల మండపాల్లో బండల మీద చెక్కిన పులిజూదం మీద ఎన్ని తరాలు ఆడలేదు!

ఎనామిల్‌కి అసలైన చోటు ఇదే. నేరుగా వేసుకోండి, మెరుపు కావాలంటే ఉంచుకోండి. కాల్చిన ఇనుప చువ్వతో గీతలు కాల్చినా అందంగా ఉంటుంది, అయితే ప్లై మీద కన్నా గట్టి చెక్క పలక మీదే అది కుదురుతుంది. పై పొర పలచగా ఉండే ప్లైని కాలిస్తే జిగురు దాకా కాలి మచ్చ పడుతుంది. పులిజూదానికి నాకు బాగా నచ్చేది సీతంపేట వైపు సవర గిరిజనుల గోడచిత్రాల పద్ధతి, ఎర్రమట్టి రంగు నేల మీద తెల్లటి గీతలు. యాక్రిలిక్‌లో ఆ రెండు రంగులే చాలు, మూలల్లో పులినీ మేకనీ పిల్లల చేత వేయించవచ్చు.

ఏటికొప్పాక లక్కబొమ్మల్లాంటి నిగారింపు బల్లకి కూడా వస్తుందా అని అడుగుతుంటారు. రాదు. అక్కడ లక్క పట్టేది తిరుగుతున్న చెక్క రాపిడి వేడికి, చదునైన పలకని అలా తిప్పలేం. పావులు మాత్రం అక్కడివి తెచ్చుకోండి, గాజు గోళీల కన్నా వెయ్యిరెట్లు బాగుంటాయి.

వైకుంఠపాళికి గీతలు వేయడం దండగ. అన్ని పాములు, నిచ్చెనలు, అంకెలు చేత్తో వేసే ఓపిక ఉంటే వేరే మాట, లేకపోతే ఫ్లెక్సీ షాపులో స్టిక్కర్ ప్రింటు తీయించి పలక మీద అతికించడమే. క్యారమ్‌కి వద్దన్న స్టిక్కర్ ఇక్కడ అన్నిటికన్నా మంచిది.

క్యారమ్ బల్ల వెనకవైపు ఖాళీగా వదిలేసేవాళ్లకి ఒక మాట. అక్కడ అష్టాచెమ్మానో పులిజూదమో వేయించుకోండి. ఇది ఆట కోసమే కాదు. ప్లైకి ఒకవైపే పూత వేసి రెండోవైపు పచ్చిగా ఉంచితే, పచ్చివైపు మన గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది, బల్ల వంగుతుంది. వెనక కూడా సీలరూ పూతా పడితే రెండువైపులా సమానంగా ఉంటుంది.

ఎవరికి ఏది

ఒక్క బల్ల, చేతిలో రూలింగ్ పెన్ను లేదు, కానీ నికరంగా రావాలి అంటే రేడియం షాపు స్టెన్సిల్, దానిలో నలుపూ ఎరుపూ యాక్రిలిక్, మీద లాకరు. స్టెన్సిల్‌లో రంగు ముద్దలా పోయకుండా స్పాంజి ముక్కతో అద్దాలి, లేకపోతే స్టిక్కర్ వదిలించుకున్నా ఎత్తు మిగిలే ఉంటుంది. ఓపికా, పాత డ్రాయింగ్ పెట్టే ఉన్నవాళ్లకి ఇండియన్ ఇంక్. పిల్లలు చిన్నవాళ్లు, రెండేళ్లలో పెద్ద బల్ల కొంటాం అనుకునేవాళ్లకి యాక్రిలిక్ మార్కర్ చాలు. బోర్డులు రాసే పెయింటర్ చేతిలో పెడితే ఆయన బ్రష్‌తో తీసే గీత ముందు మన టేపులు ఎందుకూ పనికిరావు, కాకపోతే పూత ఏది వేయబోతున్నారో ఆయనకి ముందే చెప్పండి, లాకరో పీయూనో అయితే ఎనామిల్ తప్ప వేరే రంగు వాడమనండి. స్కూలు వాళ్లు ఒకేసారి ఇరవై బల్లలు చేయిస్తుంటే శుభలేఖలు అచ్చేసేవాళ్ల దగ్గర పెద్ద ఫ్రేము కట్టించి స్క్రీన్ ప్రింటింగ్ వేయించడం లాభం. ఒక్క బల్లకి ఆ ఫ్రేము ఖర్చు దండగ.

ఏది ఎంచుకున్నా ముందు అదే ప్లై తునక మీద గీత గీసి, అదే పూత వేసి ఒక రాత్రి ఉంచి చూడండి. పూర్తయిన బల్ల మీద లాకరు అయితే రెండు రోజులు, పీయూ లేదా వార్నిష్ అయితే వారం రోజులు పౌడర్ వేయకండి. మెత్తగా ఉన్న పూతలో పౌడర్ దిగబడితే మళ్లీ రుద్దితే గానీ పోదు. 1000 నంబరు వాటర్ పేపర్ మీద కాస్త సబ్బునీళ్లు వేసి చివరిగా ఒకసారి తేలిగ్గా రుద్ది, తుడిచి ఆరాక కాయలు పెట్టుకోవచ్చు. బోరిక్ పౌడర్ డబ్బా మాత్రం నోట్లో ఏదైనా పెట్టుకునే వయసు పిల్లలకి అందనంత ఎత్తులో ఉంచండి.